ఒంగ్‌పిన్ వీధిలో నాలుగో మజిలీ

అక్టోబర్ 12, శనివారం

చీనా పేటలో తినిపిస్తూ తిప్పే నా శనివారం టూరుకి ఈ రోజు పెద్ద గుంపు. ఎక్కువమంది ఆస్ట్రేలియా వాళ్ళు, ఒక కొరియా జంట. బినోండో చర్చి ముందు ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. వచ్చారు. నడిచాం. తిన్నారు. కూర చుట్టిన లుంపియాలో వెల్లుల్లి ఘాటుగా ఉందని ఒకాయన అన్నాడు, అని రెండోది అడిగి తీసుకున్నాడు. ఎండ.

నాలుగో మజిలీ దగ్గర ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "అదిగో, ఆ పెనం వెనకాల ఉన్నాయన మా ఆయన." ఎమర్సన్ అట్లకాడ గాల్లోకి ఎత్తి ఊపాడు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. సియోపావ్‌లు బాగున్నాయన్నారు. అడుగున కరకరలాడుతూ, పైన దూదిలా, కొరికితే లోపలి పంది మాంసం రసం గడ్డం మీదికి కారుతూ. అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

మంగళవారం అతను బట్టలు తీసుకెళ్ళిపోయాడు.

అక్టోబర్ 13

కొట్టు మీద గది ఉంది. తెల్లవారకముందే పిండి కలపాలి. రోజూ ఇంటి నుంచి వెళ్ళి రావడం కష్టమే కదా. అతను అదే చెప్పాడు. నేను వాళ్ళమ్మకి, ఆమాకి, అదే చెప్పాను.

"కష్టమా? వాళ్ళ నాన్న డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా నడిచే వెళ్ళాడు. అప్పుడు లేని కష్టం వీడికెక్కడ నుంచి ఊడిపడింది?" అంది ఆమా.

ఆవిడ కాసేపు టీవీ చూసి, "చారు ఇంకా ఉందా?" అంది.

ఉంది. పోశాను.

అక్టోబర్ 15

ఏమీ లేదు.

అక్టోబర్ 19, శనివారం

కథ మళ్ళీ చెప్పాను. నేను హోపియా మిఠాయి కొట్లో పనిచేసే రోజులు. ఒక చీనా కుర్రవాడు రోజూ వచ్చి ఒకే ఒక్క హోపియా కొనేవాడు. మా వాళ్ళలో పిల్లని తప్ప చేసుకోవడానికి వీల్లేదని వాళ్ళమ్మ పట్టుబట్టింది. అన్నం మానేసింది. అయినా ఒక రోజు జోరువానలో ఆ కుర్రవాడు కాగితం పొట్లంలో వేడి సియోపావ్ పట్టుకుని చర్చి మెట్ల మీద నా కోసం నిలబడ్డాడు. పొట్లం తడిసిపోయింది, సియోపావ్ తడవలేదు. చొక్కాలో దాచాడు.

నిజానికి ఆ రోజు వాన లేదు. మొదటి ఏడాది కథలో వాన ఉండేది కాదు. ఒకసారి గుంపులో ఎవరో "వానా?" అని అడిగితే తలూపాను, అప్పటినుంచి కురుస్తూనే ఉంది.

ఈ రోజు చెబుతుంటే నా గొంతు ఎవరో ఆడమనిషిది అనిపించింది. ఆవిడ బాగానే చెప్పింది.

గల్లాపెట్టె దగ్గర కూర్చునే పిల్ల నా వైపు చూడలేదు. వదులు గౌను వేసుకుంది. ఈ ఉక్కలో వదులు బట్టలే హాయి.

అక్టోబర్ 22

ఎమర్సన్ ఫోన్ చేశాడు.

"పెర్లా, శనివారాలు మాత్రం మానకు. నీ గుంపులు లేకపోతే ఆ పూట పొయ్యి దండగ."

"మానను."

"ఆ కథ కూడా మానకు. అది విన్నాక అందరూ ఇంకో పొట్లం కట్టించుకుంటారు."

"సరే."

"అమ్మ ఎలా ఉంది?"

"టీవీ చూస్తోంది."

"నువ్వు?"

నేను కూడా టీవీ చూస్తున్నానని చెప్పాను. అబద్ధం కాదు. నా ముందు టీవీ ఉంది.

అక్టోబర్ 27

ఆమా అని పిలవమని పెళ్ళైన కొత్తలో ఆవిడే అంది. అత్తయ్యా అంటే కోడలిగా ఒప్పుకున్నట్టు అవుతుందట. "రేపు పిల్లలు పుడితే వాళ్ళకి నాయనమ్మని ఎలాగూ అవుతాను, తప్పదు. వాళ్ళు పిలిచే పిలుపే నువ్వూ పిలువు" అంది. పిల్లలు పుట్టలేదు. పిలుపు మిగిలింది.

నన్ను మాత్రం హువానా అంటుంది. చీనావాళ్ళు కానివాళ్ళందరికీ వీళ్ళు పెట్టిన పేరు అది, మెచ్చుకుంటూ పెట్టింది కాదు. "హువానా, కళ్ళజోడు ఏది?" "హువానా, ఈ చేపకి ఉప్పెవరు వేశారు, సముద్రమా?" ఇన్నేళ్ళలో నా పేరు ఆవిడ నోట విన్న గుర్తు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో. నిద్ర రాక కాదు. నిద్ర బాగానే వస్తోంది.

నవంబర్ 1, మృతుల పండగ

చీనా శ్మశానానికి వెళ్ళాం. మామగారి సమాధికి మా ఇంటికన్నా మంచి పైకప్పు ఉంది. సేమ్యా వండి తీసుకెళ్ళాను, నారింజలు, అగరొత్తులు. ఆమా కర్ర పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. నేను పళ్ళు కోస్తున్నాను. ఎమర్సన్ వచ్చాడు. వెనకాల గల్లాపెట్టె పిల్ల.

ఆ పిల్ల పేరు మెయ్‌హుయ్. చీనాలోని ఫుజియాన్ నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ముప్ఫై ఉంటాయేమో. కడుపుతో ఉంది. వదులు గౌను దాచలేనంత.

ఆమా ఆ కడుపు వంక చూసింది. తర్వాత కొడుకు వంక. తర్వాత మామగారి ఫొటో వంక.

"ఎన్నో నెల?" అని వాళ్ళ భాషలో అడిగింది. నాకా భాష రాదని వాళ్ళ నమ్మకం. ఇరవై ఏళ్ళ పైగా ఆ గోడల మధ్యే ఉన్నాను.

"ఏడు" అంది మెయ్‌హుయ్, తల వంచుకుని.

"మరి నిలబడతావేం ఎండలో? కూర్చో." తర్వాత కొడుకుతో అంది: "నీకు ఈ రోజే దొరికిందట్రా? మీ నాన్న ముందా? పెళ్ళాం చేతిలో కత్తి ఉందని అయినా చూసుకోవాలి కదరా వెధవా."

"అమ్మా, ఇక్కడ గొడవ వద్దు."

"గొడవ ఎవరు చేస్తున్నారు? నోరు నాదొక్కటే లేస్తోంది." నా వైపు తిరిగింది. "ఏమే, ఆ పిల్లకి నారింజ ఇవ్వు. కడుపుతో ఉన్న మనిషి."

ఇచ్చాను. ఒలిచి ఇచ్చాను. తొనలు విడదీసి, పీచు తీసి, గింజలు కూడా తీసి ఇచ్చాను. ఆ పిల్ల ఏడుస్తూ తింది. ఎందుకు ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. నారింజ తియ్యగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో ఆమా నా చేతిసంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

నవంబర్ 2, శనివారం

నడిచాం. తిన్నారు. కథ చెప్పాను. వానతో సహా.

నవంబర్ 10

ఇంట్లో ఆ మాట ఎత్తడం లేదు. ఆవిడా ఎత్తదు, నేనూ ఎత్తను. చారులో అల్లం ఎక్కువైందని, పక్కింటివాళ్ళ కుక్క పగలు కూడా మొరుగుతోందని మాట్లాడుకుంటున్నాం. మునుపటికన్నా ఎక్కువే మాట్లాడుకుంటున్నాం.

నవంబర్ 24, ఆదివారం

ఎమర్సన్ ఇంటికి వచ్చాడు. తలుపు కొట్టాడు. తన ఇంటి తలుపే.

"అమ్మా, పైన గది బాగు చేయించాను. కొత్త పరుపు వేశాను. వచ్చి మాతో ఉండు."

ఆమా టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఆ మెట్లు నేనెక్కగలనా?"

"నేను ఎత్తుకెళ్తాను."

"శవాన్ని మోసినట్టా? చాల్లే."

"అమ్మా..."

"ఆ పిల్లకి పురుడు ఎవరు పోస్తారు?"

"అందుకే కదా నిన్ను రమ్మంటున్నది. వాళ్ళమ్మ సముద్రం అవతల ఉంది, రావడానికి కుదరదు. దానికి ఇక్కడ ఒక్కరూ తెలీదు. రోజూ భయపడి ఏడుస్తోంది."

ఆమా చాలాసేపు టీవీ చూసింది. సబ్బు ప్రకటన వస్తోంది. అది అయిపోయాక "సరే" అంది.

నేను సర్దాను. కట్టుడు పళ్ళ డబ్బా, మోకాళ్ళకి రాసుకునే నూనె, మాజాంగ్ ఆట బిళ్ళల పెట్టె. ఊలు స్వెట్టర్ పెట్టబోతే, "అది వద్దు, కింద పొయ్యి ఉంటుంది, ఉడికిపోతాను" అంది. మళ్ళీ తీసి బీరువాలో పెట్టాను. ఎమర్సన్ గుమ్మంలో నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు.

లిఫ్టు దగ్గర ఆమా అంది: "ఏమే, ఫ్రిజ్‌లో చేప ఉంది. రేపటికి పాడవుతుంది. తినెయ్యి."

"సరే, ఆమా" అన్నాను.

తలుపు మూసుకుంది.

చేప తిన్నాను.

నవంబర్ 25

టీవీ కట్టేస్తే ఇల్లు వినబడుతోంది. అందుకని పెట్టి ఉంచుతున్నాను. ఆవిడ చూసే సీరియల్. చెవులు సరిగా వినబడవు కాబట్టి ఆవిడ పెట్టుకునేంత గట్టిగా.

నవంబర్ 28

ఆవిడకి కావలసింది ఇదే కదా. వాళ్ళ కులంలో కోడలు. వాళ్ళ భాష మాట్లాడే కోడలు. మనవడు. ఇన్నేళ్ళకి దొరికింది. వెళ్ళింది. నేనైనా వెళ్ళేదాన్ని.

నాకేమీ కోపం లేదు.

డిసెంబర్ 7, శనివారం

కొట్టు మేడ మీద కిటికీ తెరిచి ఉంది. తీగ మీద ఆమా నీలం గౌను ఆరేసి ఉంది. నేను గుంపుకి సియోపావ్ ఎలా తినాలో చెబుతున్నాను. ముందు చిన్న రంధ్రం చేసి రసం పీల్చాలి. లేకపోతే నాలుక కాలుతుంది. చెబుతూ ఆ గౌను వంకే చూస్తున్నట్టున్నాను, ఒకావిడ కూడా తలెత్తి చూసింది. "అక్కడేముంది?" అని అడిగింది.

"ఏమీ లేదు, బట్టలు" అన్నాను.

గౌను పిండకుండా ఆరేశారు. నీళ్ళు కారుతున్నాయి. ఆ బట్ట పిండకపోతే రెండు రోజులైనా ఆరదు.

డిసెంబర్ 8

నాకేమీ కోపం లేదని మొన్న రాశాను. ఇంత చిన్న విషయం వాళ్ళకి తెలీదా? పిండకపోతే ఆరదు. తడి గౌను వేసుకుంటే ఆవిడకి దగ్గు వస్తుంది. దగ్గు వస్తే ఎవరు చూస్తారు?

వెళ్ళిన మనిషికి ఒక్కసారి ఫోన్ చెయ్యాలని తోచదా?

డిసెంబర్ 19

లుంపియా కొట్టు నెనా ఫోన్ చేసి చెప్పింది. "ఆడపిల్ల. నిన్న పుట్టిందట. వారసుడు, వారసుడు అని ఇంత భాగోతం ఆడాడు నీ మొగుడు, ఇప్పుడు మొహం చూడాలి! పెనం మీద మాడిపోయిన సియోపావ్‌లా ఉంది."

"తల్లీ బిడ్డా బాగున్నారా?"

"నువ్వొక వింత మనిషివే పెర్లా. నవ్వు! కనీసం నవ్వు!"

తర్వాత నవ్వుతానని చెప్పాను.

డిసెంబర్ 25

పాతికేళ్ళలో మొదటిసారి క్రిస్మస్ రోజు వంట చెయ్యలేదు. రొట్టె ఉంది.

జనవరి 4, శనివారం

గుంపు చిన్నది. ఒంగ్‌పిన్ వీధి నిండా ఎర్ర లాంతర్లు కట్టడం మొదలుపెట్టారు. వీధి గోడకున్న శిలువ దగ్గర ఆగి అందరికీ తలో అగరొత్తి ఇచ్చాను. చీనావాళ్ళు ఏసుప్రభువుకి అగరొత్తులు వెలిగించడం చూసి వాళ్ళకి ముచ్చట. ఏదైనా కోరుకోండి అని చెబుతాను. నన్నూ కోరుకోమన్నారు. కళ్ళు మూసుకున్నాను. ఏదీ తట్టలేదు. పొగ కళ్ళలోకి పోయింది.

జనవరి 19

పాపకి నెల నిండింది. నెల పండగకి వాళ్ళు పంచే ఎర్రగుడ్లు పంపించారు. కొట్లో పనిచేసే ఆయన తెచ్చి ఇచ్చాడు. రంగు ఒక్కో గుడ్డుకి ఒక్కోలా ఉంది, ఒక పక్క ముదురు, ఒక పక్క అసలు అంటలేదు. ఆమా అద్దినవే. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు. నేను ఉంటే గిన్నెలో తిప్పుతూ ఉండేదాన్ని.

ఒకటి తిన్నాను. ఉప్పు వేసుకోవడం మర్చిపోయాను. మిగతావి వాచ్‌మన్‌కి ఇచ్చాను.

ఉత్తరం ముక్క కాదు, మాట కాదు. గుడ్లు.

జనవరి 25, శనివారం

ఎమర్సన్ భుజం మీద పాలగుడ్డ ఉంది. తీసేయడం మర్చిపోయాడు. కథ అయిపోయింది, అందరూ నిట్టూర్చారు. ముందు నిలబడ్డ ఒకావిడ ఆ గుడ్డ చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, మీకు చంటిపాప ఉందా? ఈ వయసులోనా! ఎంత అదృష్టం!"

"అవును" అన్నాను.

ఎందుకన్నాను? గల్లాపెట్టె దగ్గర వేరే ఎవరో కూర్చున్నారు. ఎమర్సన్ విన్నాడు. పెనం వంక చూస్తూ నిలబడ్డాడు.

అవును అన్నాను. ఆవిడ నన్ను కౌగిలించుకుంది. మిగతా మజిలీల్లో అందరూ నన్ను అభినందిస్తూనే ఉన్నారు.

జనవరి 29, చీనా సంవత్సరాది

బయటికి వెళ్ళలేదు. బాణసంచా ఇక్కడిదాకా వినబడింది.

ఫిబ్రవరి 1, శనివారం

వరసగా రాస్తాను.

పొద్దున చర్చి ముందుకి వెళ్ళేసరికి గుంపు అప్పటికే వచ్చి ఒక సైకిల్ రిక్షా చుట్టూ మూగి ఉంది. రిక్షాలో ఆమా. పండగకి వేసుకునే ఎర్ర జాకెట్టు, ఒళ్ళో కర్ర. ఒక జర్మనీ ఆయన ఆవిడ ఫొటో తీస్తున్నాడు. ఆవిడ గడ్డం పైకెత్తి తీయించుకుంటోంది.

"ఏమే, నీ జనం వీళ్ళేనా? చూస్తే తిండి లేక వచ్చినట్టు లేరే."

"ఆమా! మెట్లు ఎలా దిగారు?"

"కూర్చుని. ఒక్కో మెట్టూ కూర్చుని దిగాను, చిన్నపిల్లలు జారినట్టు. రిక్షా ఆ పిల్ల పిలిచి పెట్టింది. వాడికి తెలీదు."

"పాప..."

"నిద్రపోతోంది. పురిటి నెల వెళ్ళాక కూడా రెండు వారాలు ఆగాను. ఇప్పుడు దాని తల్లికి నీళ్ళు పొయ్యడం వచ్చింది, పొత్తిళ్ళు చుట్టడం వచ్చింది. బట్టలు పిండటం ఒక్కటి రాలేదు." కర్రతో రిక్షా అంచు మీద కొట్టింది. "ఎనభై ఏళ్ళుగా ఈ వీధుల్లోనే పడి ఉన్నాను. ఇక్కడ నడవడానికి జనం నీ వెంట ఎందుకు పడతారో ఈ రోజు చూడాల్సిందే. పద."

రెండు నెలల పైన ఒక్క ఫోన్ లేదు, ఇప్పుడు పద అంటోంది. గొడుగు ఎత్తాను. నడిచాం. గొడుగు ముందు రిక్షా, రిక్షాలో ఆవిడ.

లుంపియా కొట్లో నోటినిండా పెట్టుకుని, "ఈ నెనా వాళ్ళమ్మ చేసేది లుంపియా. ఇది కాగితంలో చుట్టిన గడ్డి. వీళ్ళకి చెప్పు" అంది. నెనా లోపల్నుంచి అరిచింది: "ఆ గడ్డి మూడోసారి మేస్తున్నావు ముసలిదానా, ముందది చెప్పు!" గుంపుకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పడి పడి నవ్వారు. నేను కూడా నవ్వానేమో. తెలీదు.

నాలుగో మజిలీ. ఎమర్సన్ పళ్ళాలు వరసగా పేర్చి పెట్టాడు, ఆవిరి లేస్తోంది. నేను గొడుగు పైకెత్తాను. "అదిగో, ఆ పెనం వెనకాల..."

"ఇక్కడ కాదు" అంది ఆమా. "పోనివ్వవయ్యా రిక్షా."

"ఆమా, ఇక్కడ ఆగాలి."

"ఎందుకు ఆగాలి? వాడి సియోపావ్‌లు నేను రోజూ తింటున్నాను. చల్లారినవీ తింటున్నాను, మిగిలినవీ తింటున్నాను. ఈ రోజు తినను."

"అమ్మా!" ఎమర్సన్ అట్లకాడతో సహా బయటికి వచ్చాడు. "నువ్వెప్పుడు కిందికి... పళ్ళాలన్నీ సిద్ధం చేశాను!"

"మూత పెట్టు. సాయంత్రం ఇంటిల్లిపాదీ తిందాం."

రిక్షా కదిలింది. జనం దాని వెంట వెళ్ళిపోయారు. వాళ్ళు గొడుగు చూడటం ఎప్పుడో మానేశారు. వీధి మధ్యలో నేనూ అతనూ మిగిలాం.

"పెర్లా, ఏమిటిది? ఆపు వాళ్ళని! చెప్పు!"

అతని మొహం చూశాను. కనుబొమ్మల మీద పిండి. నిద్ర లేని కళ్ళు. చెప్పడానికి వెతికాను. కథ ఉంది, అదే నోటికి వచ్చింది, కానీ అది అతనికి చెప్పేది కాదు కదా. "వాళ్ళు వెళ్ళిపోతున్నారు" అని మాత్రం అన్నాను. నేనూ వెళ్ళాను.

తర్వాతి మజిలీ కాలవ పక్కన రేకుల కింద. అందరూ బల్లల చుట్టూ కూర్చున్నాక, జర్మనీ ఆయన భార్య ఆమాని చూపిస్తూ నన్నడిగింది. ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తే మా కథ చదివి వచ్చారట. "ఆ పెళ్ళికి ఒప్పుకోని తల్లి ఈవిడేనా? అడగండి, ఎందుకు ఒప్పుకోలేదు?"

నేను అడగనన్నాను. ఆమా ఊరుకోదు. "ఏమంటోంది? నా గురించేగా? చెప్పు."

చెప్పాను.

ఆమా సూప్‌లో చెంచా తిప్పుతూ ఆలోచించింది. "అవునని చెప్పు. ఒప్పుకోలేదు. ఇంత మంచి పిల్లని వాడి చేతిలో పెట్టడం నాకిష్టం లేకపోయిందని చెప్పు."

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఇంగ్లీషులోకి మార్చాలి, అంతే. రోజూ చేసే పని. "ఒప్పుకోలేదట" అన్నాను. ఆగిపోయాను. రెండో ముక్క నోటి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే.

"ఎండ తగిలింది దానికి" అంది ఆమా వాళ్ళతో, వాళ్ళకి రాని భాషలో. నా వైపు నీళ్ళ గ్లాసు జరిపింది.

అందరినీ పంపించేశాక ఆవిడని కొట్టు వెనక దారిలో దింపాను. మెయ్‌హుయ్ పాపని ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు. నన్ను చూసి వెనక్కి తగ్గింది.

"అక్కా..." అంది.

"బట్టలు గట్టిగా పిండి ఆరెయ్యి" అన్నాను. "ఆవిడకి దగ్గు వస్తుంది. చారులో ఉప్పు తగ్గించు. చప్పగా ఉందని అరుస్తుంది. పట్టించుకోకు."

"పట్టించుకో" అంది ఆమా. పాపని తీసుకోవడానికి చేతులు చాపింది. పాప లేచి ఏడుపు అందుకుంది. వీధి చివరికి వినబడే గొంతు. ఆమా ఆ ఏడుపు మీదుగా నాతో అంది: "వచ్చే శనివారం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టు. దీనికి నీళ్ళు పోసి వస్తాను."

ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం. కిటికీలు తీసే ఉన్నాయి. చెప్పులు విప్పుతుండగా మొదలైంది. ఒక చెప్పు కాలికి ఉండగానే నేల మీద కూర్చుని ఏడ్చాను. గట్టిగా, నోరు తెరిచి, ఆ పాప ఏడ్చినట్టే. పక్కింట్లో రేడియో మోగుతోంది. కాసేపటికి ఎవరో దాన్ని తగ్గించారు. తర్వాత పూర్తిగా కట్టేశారు. అయినా నేను ఆపలేదు.